బడిలో నాట్యం పీరియడ్, కాలనీలో కూచిపూడి తరగతి: నాలుగేళ్ళు చూశాక

మా అమ్మాయి రెండో తరగతిలో చేరిన జూన్ నెలలోనే రెండు చోట్ల నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకటి తను చదివే ప్రైవేటు బడి. అక్కడ వారానికి ఒక నాట్యం పీరియడ్ టైంటేబుల్‌లోనే ఉంటుంది. రెండోది విజయవాడలో మా కాలనీవాళ్ళు నలుగురూ చేరి కళాసంఘంగా ఏర్పడి, సంక్షేమ సంఘం హాలులో నడుపుకుంటున్న కూచిపూడి తరగతి. ఇప్పుడు తను ఐదో తరగతి పూర్తి చేసింది. బడిలో ఎటూ నేర్పుతున్నారు కదా, మళ్ళీ బయట డబ్బు కట్టి ఎందుకు పంపుతున్నారని నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు. సంఘంలో చేర్చాక బడి నాట్యం మాన్పించవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే మాటలో జవాబు చెప్పలేకపోయాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. బడి పేరు, సంఘం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోటుపాట్లు ఆ రెండు చోట్లకే పరిమితమైనవి కావని నా నమ్మకం.

ముందు బడి సంగతి. పీరియడ్ నలభై నిమిషాలు. తరగతిలో నలభై రెండు మంది పిల్లలు. వాళ్ళు వరుసలో మేడ మీది హాలుకు చేరి, బూట్లు, మేజోళ్ళు విప్పి, కుదురుగా నిలబడేసరికి పది నిమిషాలు గడుస్తాయి. మళ్ళీ బూట్లు తొడుక్కోవడానికి చివర ఐదు నిమిషాలు పోతాయి. మొదటి ఏడాది మా అమ్మాయి డైరీ చూసి లెక్క వేశాను. పరీక్షలు, సెలవులు, బంద్‌లు, వేరే ఉపాధ్యాయులు తమ పాఠం పూర్తి చేసుకోవడానికి తీసుకున్న పీరియడ్లు పోను, ఏడాది మొత్తానికి జరిగిన నాట్యం తరగతులు ఇరవై నాలుగు. అంటే పదహారు గంటలు. అందులో నవంబరు నుంచి జనవరి దాకా ఉన్నవన్నీ వార్షికోత్సవం పాట సాధన కిందికే వెళ్ళాయి. ఆ పాట పూర్తయ్యాక ఫిబ్రవరిలో, మార్చిలో నాట్యం పీరియడ్ దాదాపు ఆటల పీరియడ్‌గా మారిపోయింది.

వార్షికోత్సవం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బడి నాట్యం మంచీచెడూ అక్కడే తేలిపోతాయి. నేను రెండో వరుసలో కూర్చున్నాను. తెర లేచింది, పాట మొదలైంది, పిల్లలు చక్కగా చేతులు తిప్పుతున్నారు. కానీ ఒక్కరి చూపూ చేతి వెంట లేదు, ప్రేక్షకుల వైపూ లేదు. అందరి కళ్ళూ వేదిక ముందు చీకట్లో, ఒకే చోట నిలిచి ఉన్నాయి. కాస్త ఒంగి చూస్తే, అక్కడ నేల మీద కూర్చుని నాట్యం మిస్ ప్రతి అడుగూ చేతులతో చూపిస్తున్నారు. పిల్లలు ఆమెను చూసి, అరక్షణం వెనుకగా, అద్దంలో బొమ్మలా అదే చేస్తున్నారు. ఆమె కుడిచెయ్యి ఎత్తితే వాళ్ళు ఎడమచెయ్యి ఎత్తుతున్నారు. యతో హస్తస్తతో దృష్టిః అన్న, పాత నాట్యగ్రంథం అభినయదర్పణంలోని శ్లోకాన్ని మా సంఘంలో పిల్లలు ప్రతి తరగతిలోనూ వల్లిస్తారు. చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్ళాలని దాని అర్థం. వేదిక మీద ఆ నలభై రెండు జతల కళ్ళకూ వెళ్ళాల్సిన చోటు వేరే ఉంది. తప్పు పిల్లలది కాదు, పదహారు గంటల్లో అంతమందితో ఐదు నిమిషాల పాట ఎక్కించాల్సి వచ్చిన ఆ ఉపాధ్యాయురాలిదీ కాదు.

ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, మీ బడి పాటకు ఒకసారి ఆడి చూపించమని మా అమ్మాయిని అడిగాను. ఫోన్‌లో పాట పెడితే సగం దాకా ఆడింది. పాట ఆపేసి మళ్ళీ చెయ్యమంటే నిలబడిపోయింది. పాట లేకపోతే ఆ అడుగులకు తన మనసులో చోటే లేదు. అదే పిల్లను, అంతకు పది నెలల ముందు సంఘంలో నేర్చుకున్న మొదటి అడవు (నాట్యానికి పునాది అయిన అడుగుల కూర్పు) చెయ్యమంటే, తనే నోటితో జతి (తకధిమి వంటి తాళపు పలుకులు) చెప్పుకుంటూ, మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, చేసింది. మూడో కాలంలో తడబడింది కానీ ఎక్కడ తడబడిందో తనకు తెలిసింది, ఆగి మళ్ళీ అందుకుంది. రెండు చోట్ల బోధనకూ ఉన్న తేడా నాకు ఆ సాయంత్రం మా వంటగది గుమ్మం దగ్గర అర్థమైంది. బడి ఒక పాట నేర్పింది. సంఘం నాట్యం నేర్పడం మొదలుపెట్టింది.

సంఘం తరగతి వారానికి మూడు రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా. ఏడాదికి సుమారు నూట ముప్పై గంటలు వస్తాయి. ప్రవేశ రుసుము ఐదు వందలు, నెలకు ఆరు వందలు తీసుకుంటారు. మొదటి ఆరు నెలలూ పాట ఉండదు, పద్యం ఉండదు, చేతిలో దీపం పెట్టి ఫొటో తీయించుకునే సంబరమూ ఉండదు. నేలకు నమస్కారం, శ్లోకం, అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం), అడవులు. మళ్ళీ అరమండి, మళ్ళీ అడవులు. పక్కన కూర్చుని ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలను, అంటే ఒంటిచేతి ముద్రలను, పతాకం నుంచి, వరుస తప్పకుండా చెప్పాలి. మొదట్లో చాలామంది తల్లులకు ఇది విసుగు కలిగించింది; నాకూ కలిగింది. మూడో నెలలో ఇద్దరు మాన్పించేశారు. మాస్టారు ఎవరి కోసమూ తొందరపడలేదు.

ఆయన కూచిపూడి గ్రామంలోనే నేర్చుకుని వచ్చినవారు. తరగతిలో ఆయన ఆడి చూపించేది చాలా తక్కువ. చాప మీద కూర్చుని, ముందున్న చెక్క దిమ్మె మీద కర్రతో తాళం వేస్తూ నోటితో జతులు చెబుతారు. తకధిమి అన్నప్పుడు నాలుగు, తకిట అన్నప్పుడు మూడు. పిల్లలు అంకెలు లెక్కపెట్టడం కాదు, ఆ తేడా కాలితో తెలుసుకోవాలి. ఒక రోజు తరగతి అయ్యే వేళకు ముందే వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాను. పదకొండు మంది పిల్లలు రెండు వరుసల్లో అడవు చేస్తున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. ఉన్నట్టుండి కర్ర ఆపి, కళ్ళు తెరవకుండానే, "వెనక వరుసలో ఎడమ చివర ఎవరమ్మా, మడమ ముందు పడుతోంది" అన్నారు. అక్కడ ఉన్నది మా అమ్మాయే. పాదం మొత్తం ఒక్కసారిగా నేలను తాకితే వచ్చే చప్పుడు వేరు, మడమ ముందు పడి వేళ్ళు తర్వాత పడితే వచ్చే చప్పుడు వేరు. తను నాలుగుసార్లు చేసింది, ఐదోసారి చప్పుడు మారింది. నాట్యం ఓనమాలు కూడా తెలియని నాకు సైతం ఆ మార్పు స్పష్టంగా వినిపించింది. ఆయన తల ఊపి మళ్ళీ కర్ర అందుకున్నారు. నలభై రెండు మంది ఉన్న హాలులో, స్పీకరులో పాట మోగుతుండగా, ఒక పిల్ల మడమ ముందు పడిందో వెనక పడిందో ఎంత గొప్ప గురువుకైనా వినిపించదు.

బడిలో నేర్పే ఆమెకు న్యాయం చేయకుండా ముందుకు వెళ్ళలేను. ఆమె నాట్యంలో డిప్లొమా చేసినవారు, నేర్చుకున్న విద్యలో ఎవరికీ తీసిపోరు. వారానికి ఇరవై ఎనిమిది పీరియడ్లు ఒక్కరే చెబుతారు. అంటే వెయ్యి మందికి పైగా పిల్లలు. ప్రతి తరగతికీ వార్షికోత్సవంలో ఒక పాట ఉండాలి, ప్రతి బిడ్డా వేదిక మీద తల్లిదండ్రులకు కనబడాలి, పాట కూడా పై నుంచే నిర్ణయమై వస్తుంది. రెండో ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో ఆమెను పక్కకు పిలిచి, జూన్ నుంచి అక్టోబరు దాకా అడవులే చెప్పవచ్చు కదండీ అని అడిగాను. "చెబుతానండీ, నాకూ అదే ఇష్టం. కానీ ఆగస్టు పదిహేనుకు ఒకటి, ఉపాధ్యాయ దినోత్సవానికి ఒకటి, బాలల దినోత్సవానికి ఒకటి, దసరాకు ఒకటి అడుగుతారు. అడవుకు చప్పట్లు కొట్టరు కదండీ" అన్నారు. నేను ఆమెను తప్పుపట్టలేకపోయాను. బడి నాట్యానికి ప్రతి నెలా ఒక ప్రదర్శన తేదీ ఉంటుంది, ఆ తేదీయే పాఠ్యక్రమం అయిపోతుంది.

నిజానికి కాగితం మీద కళావిద్యకు లోటేమీ లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదో తరగతి దాకా కళలను తప్పనిసరి చేయాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, వంద మంది పిల్లలు దాటిన బడిలో కళావిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలు, పాఠ్యేతర కార్యక్రమాలు అన్న అడ్డుగోడ ఉండకూడదంది. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో కూచిపూడిని ఒక సబ్జెక్టుగానే తీసుకోవచ్చు. ఇన్ని ఉన్నా మా ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లల్లో కూచిపూడిని సబ్జెక్టుగా తీసుకున్నవాళ్ళు నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు.

ఇక బడి మాత్రమే ఇవ్వగలిగినది ఒకటుంది. దాన్ని తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మా అమ్మాయి తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు, అమ్మ ఒక బట్టల దుకాణంలో పనిచేస్తారు. మూడో తరగతి వార్షికోత్సవంలో ఆ అబ్బాయి మొదటి వరుసలో ఉన్నాడు. వేదిక ముందు చీకట్లోకి చూడని బిడ్డ వాడొక్కడే. మోకాలు వంచిన తీరు, మెడ నిలిపిన తీరు చూసి నా పక్కన కూర్చున్నావిడ ఎవరి అబ్బాయి అని అడిగారు. బడిలో నాట్యం పీరియడ్ లేకపోతే వాడు ఆడగలడన్న సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళకే తెలిసేది కాదు. డబ్బు గురించి ఎవరూ అడగరు, ఏ కులం అని అడగరు, మగపిల్లవాడికి నాట్యమేమిటి అని అక్కడ ఎవరూ అనరు. పీరియడ్ కనుక అందరూ వెళ్తారు, అంతే. సంఘంలో పదకొండు మందిలో మగపిల్లలు ఇద్దరే, అందులో ఒకడు మాస్టారి మనవడు.

ఈ విషయం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే కూచిపూడి ఒకప్పుడు పూర్తిగా మగవారి విద్య. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని ఆ గ్రామంలో, సిద్ధేంద్రయోగి ఒరవడి పెట్టిన సత్యభామ నృత్యనాటకం భామాకలాపాన్ని కుటుంబాలు తరతరాలుగా పట్టుకుని వచ్చాయి. తండ్రి దగ్గర కొడుకు, మేనమామ దగ్గర మేనల్లుడు నేర్చుకుని మేళంతో ఊరూరా తిరిగారు. సత్యభామ వేషం వేసింది మగవారే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నిలబడితే నిజంగా స్త్రీయే అనుకున్నవారి కథలు మా నాన్నగారి తరం ఇప్పటికీ చెబుతుంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటివారు ఆడవారికి నేర్పడం, ఆయన తర్వాత వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలను తీర్చిదిద్దడం ఈ కళకు ఎంతో మేలు చేశాయి; ఆ తలుపు తెరవకపోతే మా అమ్మాయికి ఈ విద్య దక్కేది కాదు. కానీ ఇటు తలుపు తెరుచుకున్నాక అటు తలుపు ఎందుకు మూసుకోవాలి? ఇవాళ మగపిల్లవాడికి అడవు వేసే అవకాశం సహజంగా దొరుకుతున్నది బడి హాలులోనే. ఒక్క ఈ కారణానికే నేను బడి నాట్యం మాన్పించే మాట ఎత్తను.

సంఘంలో లోపాలు లేవని కాదు. అన్నిటికంటే పెద్దది నేల. హాలులో నున్నటి టైల్స్ పరిచారు, దాని కింద కాంక్రీటు. వారానికి మూడు గంటలు దాని మీద కాలు బలంగా వేసేసరికి రెండో ఏడాది మా అమ్మాయికి మడమ నొప్పి వచ్చింది. డాక్టరుగారు మూడు వారాలు ఆపమన్నారు. చెక్క నేల వేయించే స్తోమత సంఘానికి లేదు. చివరకు తల్లిదండ్రులమంతా తలా కొంత వేసుకుని మందపాటి రబ్బరు పరుపులు, వాటి మీద పరవడానికి జంపఖానాలు కొన్నాం. పూర్తి పరిష్కారం కాదు, కానీ నొప్పి తగ్గింది. పిల్లలను ఎక్కడ చేర్చబోయినా ఫీజు అడిగేముందు నేల చూడమని నా మనవి.

రెండోది ఖర్చు. నెలకు ఆరు వందలు ఎక్కువ కాదు. మొదటిసారి కాలికి గజ్జె కట్టే గజ్జెపూజ దగ్గరికి వచ్చేసరికి గజ్జెలు, పట్టు దుస్తులు, నగల సెట్టు, జడ సామాను, మేకప్, ఫొటోలు, భోజనాలు కలిపి మాకు ఇరవై రెండు వేలు అయింది. మాస్టారు దక్షిణ ఇంతని అడగలేదు. దుస్తులు అద్దెకు తెచ్చుకోమని ఆయనే అన్నారు. పోటీ పడింది తల్లిదండ్రులమే. పక్కింటి పిల్లకు కెంపుల సెట్టు కొంటే మన పిల్లకు గిల్టుది పెట్టడానికి మనసు ఒప్పలేదు. రంగప్రవేశం, అంటే తొలి పూర్తి ప్రదర్శన, దాకా వస్తే హాలు అద్దె, వాద్యబృందం పారితోషికం కలిసి ఎంత అవుతుందో తలచుకుంటే ఇప్పటి నుంచే గుండె బరువెక్కుతుంది. ఆటో నడిపే తండ్రి ఈ లెక్క చూసి గుమ్మంలోనే ఆగిపోతాడు. ఆ అబ్బాయి విషయంలో జరిగింది అదే. సంఘం వాళ్ళు ఫీజు వద్దన్నారు, మూడు వారాలు వచ్చాడు కూడా. సాయంత్రం ఏడు గంటలకు వాణ్ణి ఇంటికి తీసుకువెళ్ళేవాళ్ళు లేక మానేశాడు.

మూడోది చెప్పక తప్పదు. ఒక ఏడాది మా సంఘం పిల్లలను, ఒకేసారి ఎక్కువమంది ఆడి రికార్డు నెలకొల్పే ఒక కార్యక్రమానికి తీసుకువెళ్ళారు. తలకు వెయ్యి రూపాయలు, దుస్తులు అదనం. వేల మంది పిల్లలు మైదానంలో మధ్యాహ్నం మూడింటి నుంచి మేకప్‌తో ఎండలో నిలబడి, రాత్రి ఎనిమిదికి పది నిమిషాలు ఆడారు. మంచినీళ్ళకు ఇబ్బంది పడ్డాం. మా అమ్మాయికి ఒక సర్టిఫికెట్ ఇచ్చారు, అందులో పేరు తప్పు. వార్షికోత్సవం గురించి బడిని ఏ మాట అన్నానో ఆ మాట దీనికీ వర్తిస్తుంది. మరుసటి ఏడాది నుంచి మాస్టారే అటువంటివాటికి పంపడం మానేశారు.

తక్కువ ఖర్చులో, క్రమపద్ధతిలో నేర్చుకోవాలనుకునేవారు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలను మరచిపోకూడదు. విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పేరున ఉన్నది, విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసినది, హైదరాబాదులో త్యాగరాజస్వామి పేరున ఉన్నది ఇలాంటివే. నాలుగేళ్ళ సర్టిఫికెట్ కోర్సు, ఆపైన రెండేళ్ళ డిప్లొమా ఉంటాయి. మా అమ్మాయికి వయసు వచ్చాక అక్కడ కూడా చేర్చే ఆలోచన ఉంది.

సంఘం అన్న మాటకు అసలు అర్థం మాత్రం నేను మా అమ్మమ్మగారి ఊళ్ళో చూశాను. అక్కడ రెండు వేసవుల కిందట ఆడవాళ్ళు కోలాటం నేర్చుకున్నారు. కోలాటం గురువుగారు ఒకాయన వచ్చి రామాలయం ముందు, పొలం పనులూ వంటలూ ముగిశాక, రాత్రి తొమ్మిది నుంచి నేర్పేవారు. ముప్పై మంది, అందులో ఎనిమిదో తరగతి పిల్లా ఉంది, మనవలున్న మా పిన్నీ ఉంది. ఒక్కో కోపు (కోలాటంలో ఒక అడుగుల వరుస) వచ్చేదాకా అందరూ ఆగేవారు, ఎవరైనా వెనకబడితే జంటలో ఉన్నావిడ కర్రతో సైగ చేసి సర్దుకునేది. తాళ్ళు పట్టుకుని తిరుగుతూ వాటిని జడలా అల్లే జడకోపు వేసేటప్పుడు ఒకరు తప్పితే ముప్పై మంది తాళ్ళూ చిక్కుపడతాయి కనుక, బాగా వచ్చినవాళ్ళు రానివాళ్ళకు పగలు ఇంటికి వెళ్ళి మరీ నేర్పారు. ఈ పద్ధతి మా కాలనీ సంఘంలో లేదు, బడిలోనూ లేదు. మా సంఘంలో పెద్ద పిల్లలు వారానికి ఒకరోజు చిన్నపిల్లలకు అడవులు చెప్పేలా చూడమని ఈ మధ్య మాస్టారిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు శనివారం మా అమ్మాయి ఇద్దరు చిన్నపిల్లలకు అరమండి నేర్పుతోంది. నేర్పడం మొదలయ్యాక తన నడుమూ నిటారుగా నిలుస్తోంది.

రెండు చోట్లకూ ఉమ్మడిగా ఉన్న ఒక నష్టం ఎనిమిదో తరగతి. ఐఐటీ ఫౌండేషన్ మొదలవగానే బడి నాట్యం పీరియడ్ తీసేస్తుంది, సంఘానికి పిల్లలు రావడం తగ్గిస్తారు. అప్పటికి ఆరేడేళ్ళు సాధన చేసి, తరంగం అనే కూచిపూడి అంశంలో ఇత్తడి పళ్ళెం మీద నిలబడటానికి సిద్ధమైన అమ్మాయి సరిగ్గా అక్కడ ఆగిపోవడం మా సంఘంలోనే మూడుసార్లు చూశాను.

ఎక్కడ చేర్చాలని అడిగేవారికి నేను చెప్పేది ఇది. బడిలో నాట్యం ఉంటే పిల్లను, ముఖ్యంగా పిల్లవాణ్ణి, ఆ పీరియడ్ మాన్పించకండి; కానీ అక్కడ నాట్యం వచ్చేస్తుందని అనుకోకండి. అడుగులు నిలవాలంటే వారానికి రెండు మూడు రోజులు, పది పదిహేను మందికి మించని తరగతి కావాలి. చేర్చేముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. ఆరు నెలల్లో పాట ఎక్కించి ప్రదర్శన ఇప్పిస్తామని చెప్పే చోటికంటే, ఆరు నెలలూ అడవులే చెప్పే చోటు మేలు.

బడిలో నాలుగింటికి హాలు ఖాళీ అవుతుంది, ఆఖరి బస్సు ఐదింటికి బయలుదేరుతుంది. ఆ గంటలో వారానికి రెండు రోజులు మా మాస్టారు బడికే వచ్చి ఇష్టమున్న పిల్లలకు అడవులు చెబుతారని, ఫీజు కట్టగలిగినవాళ్ళ దగ్గర తీసుకుని కట్టలేనివాళ్ళకు సంఘం భరిస్తుందని, నాట్యం మిస్ కూడా తోడుంటారని ప్రిన్సిపాల్‌గారికి గత నెల ఉత్తరం ఇచ్చాం. పందొమ్మిది మంది తల్లిదండ్రులం సంతకం చేశాం. తొమ్మిదో సంతకం ఆటో నడిపే ఆ నాన్నగారిది. జూన్‌లో బడి తెరిచాక జవాబు చెబుతామన్నారు.